మగ తేనెటీగ మీద అర్జీ

జూన్ 3

చెల్లికి,

అక్క చెప్పి రాయిస్తున్నది. రాస్తున్నది మా కింది వాటాలో అద్దెకుండే ప్రూఫుల మాస్టారు. ప్రెస్సులో నలభై ఏళ్లు తప్పులు దిద్ది రిటైరైన మనిషి కదా, నేను నోరు తెరిస్తే చాలు దిద్దడం మొదలుపెడతాడు. అందుకని ఈ మధ్య ఒక షరతు పెట్టాను. రాసిందంతా నాకు చదివి వినిపించాలి, చదివేటప్పుడు ప్రతి మాట కిందా వేలు పెట్టాలి. మాట జారిపోకుండా కాపలా అన్నమాట.

నేను బాగానే ఉన్నాను. మోకాళ్లు బాగాలేవు, వాటి లెక్క వేరు. చేతినిండా కుట్టు పని ఉంది. ఈ నెల ఏడు పరుపులు, హాస్టలు వాళ్లవి ఇరవై తలగడలు. డెబ్బై మూడేళ్లకి సూదిలో దారం నేనే ఎక్కించుకుంటున్నాను, అది నీకు చెప్పమని రాయిస్తున్నాను. నువ్వు కళ్లద్దాలు రెండోసారి మార్చావట కదా.

ఇక అసలు గొడవ. పది రోజుల నుంచి మా మేడ మీద డ్రోను తిరుగుతోంది. అన్నం తినే పళ్లెం అంత ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు చిన్న ఫ్యాన్లు, కడుపు కింద ఒక కన్ను. నేను పక్కకి జరిగితే అదీ జరుగుతుంది. చెయ్యి ఊపి పొమ్మంటే ఇంకాస్త కిందకి దిగింది, పిలిచాననుకుందో ఏమో. దాని గాలికి ఆరబోసిన దూదంతా లేచి పక్కింటి పూలకుండీల్లో, ఎదురింటి డాక్టరు కారు మీద పడింది. డాక్టరు భార్య వచ్చి, పెద్దమ్మగారూ మా కారుకి దుప్పటి కప్పారేమిటి అని అడిగింది.

దూది పోతే పోయింది, మళ్ళీ ఏకుతాను. నాకు మండేది అది కాదు. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఆ మేడ నాది. తలుపుకి గడియ పెట్టుకుని ఉంటాను. మీ బావ చుట్టూ నా ఎత్తు గోడ కట్టించి పోయాడు. నాలుగు వైపులా కట్టించాడు గానీ పైన కట్టించలేదు, పాపం ఆ దారిన ఎవరు వస్తారనుకుంటాడు? ఆ గంటలో నన్ను ఎవరూ చూడటానికి వీల్లేదు. అంతే.

నువ్వు ముప్పై ఏళ్లు మున్సిపల్ ఆఫీసులో అర్జీలు తీసుకునే బల్ల దగ్గర కూర్చున్నదానివి. ఎవరికి పెట్టాలి, ఏమని పెట్టాలి, వెంటనే చెప్పు. ఆలస్యమైతే రాయి తీస్తాను.

ఇంకో మాట. నీకు ఉద్యోగం వచ్చినప్పుడు నేను కుట్టి ఇచ్చిన నీలం గీతల తలగడ ఇంకా వాడుతున్నావా? దూది గడ్డ కట్టి ఉంటుంది. పంపించు, మార్చి ఇస్తాను. నువ్వు మాత్రం విప్పకు, కుట్లు పాడుచేస్తావు.

వేలిముద్ర వేసిన
అక్క

(లేఖకుడి మనవి: డ్రోను గురించి ఆవిడ వాడిన మాటల్లో మూడు రాయలేదు. వేలు ఆ మూడు మాటల దగ్గర ఆగలేదని ఆవిడ పసిగట్టారు.)


జూన్ 10

అక్కా,

మాస్టారికి నమస్కారం. ఎలాగూ ముందు చదివేది మీరే కాబట్టి ముందు మీకే.

రాయి విసరకు. అది పగిలితే కేసు నీ మీదకి తిరుగుతుంది. సొంత ఇంట్లో ఉన్న మనిషిని ఎవరూ తొంగి చూడకూడదు, కిటికీలోంచైనా ఆకాశంలోంచైనా ఒకటే. అర్జీ పెట్టు. అర్జీలో కోపం ఉండకూడదు, వివరం ఉండాలి. ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఎంతసేపు, ఎంత ఎత్తులో, ఎటు నుంచి వచ్చి ఎటు పోయింది. రెండు ప్రతులు రాయించు. ఒకటి వాళ్లకి ఇచ్చి, రెండో దాని మీద 'అందినది' అని ముద్ర వేయించుకో. ఆ ముద్ర లేకపోతే అది అర్జీ కాదు, ఒట్టి కాగితం. ఇంకో ప్రతి పోలీసు స్టేషనులో ఇవ్వు.

ఒకటి మాత్రం వాళ్లు అడుగుతారు, నేనూ అడుగుతున్నాను. ఆ గంటలో మేడ మీద ఏం చేస్తుంటావు? దూది ఆరబెట్టడానికి గడియ ఎందుకు?

ఈ ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. తపాలావాళ్లని నేను నమ్మనని నీకు తెలుసు. లైబ్రరీలో ఉద్యోగం ఇస్తూ వచ్చిన ఉత్తరాన్ని ఎక్కడో పారేసి, నన్ను ఐదేళ్లు ఖాళీగా కూర్చోబెట్టారు. మా వీధి తపాలావాడు నా గేటు దగ్గర బెల్లు కొట్టడు, భయపడుతూ దగ్గుతాడు. దగ్గనీ.

తలగడ సంగతి వదిలెయ్. మెత్తగానే ఉంది. పంపను.

నీ చెల్లెలు


జూన్ 19

చెల్లికి,

నువ్వు చెప్పినట్టే అర్జీ పెట్టాను. ఏం జరిగిందో విని నవ్వకు.

మాస్టారికి ఒక పంతం ఉంది. తెలుగులో రాసే కాగితంలో ఇంగ్లీషు ముక్క కనబడకూడదు. ఉత్తరమైతే నా కోసం సర్దుకుంటాడు గానీ అర్జీ అనేసరికి వీల్లేదన్నాడు. అలమారా మీది నుంచి లావుపాటి నిఘంటువు దించి, డ్రోను అంటే ఏమిటో వెతికాడు. మగ తేనెటీగ అని ఉందట. ఇక చూసుకో. "మా మేడపై ప్రతి ఉదయం ఒక మగ తేనెటీగ సంచరించుచు, వృద్ధురాలనైన నన్ను తదేకముగా చూచుచున్నది. దానికి నాలుగు రెక్కలు, ఉదరమున ఒక నేత్రము గలవు. తగు చర్య తీసుకొనగలరు." వేలు పెట్టే చదివి వినిపించాడు. తేనెటీగ దగ్గర నాకు అనుమానం వచ్చింది. ఆఫీసుల్లో ఇలాగే అంటారు కాబోలు అని ఊరుకున్నాను. నీ ఆఫీసు భాష ఎప్పుడైనా మనుషుల భాషలా ఉందా?

ముద్ర వేశారు. మీ బల్ల దగ్గర కూర్చునేవాళ్లు చదవరా ఏమిటే, ముద్ర వేసి కాగితాన్ని నేరుగా తోటల సెక్షనుకి పంపారు.

శుక్రవారం పొద్దున ఇద్దరు మనుషులు నిచ్చెన, వల, పొగ డబ్బా పట్టుకుని దిగారు. "అమ్మా, తుట్టె ఎక్కడ?" అన్నాడు పెద్దవాడు.

"తుట్టె లేదు. ఒక్కటే వస్తుంది."

"ఒక్క ఈగకి మమ్మల్ని రమ్మన్నారా? ఎంత ఉంటుందేమిటి?"

"పళ్లెం అంత."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిచ్చెన మీదున్న రెండోవాడు ఒక మెట్టు కిందకి దిగాడు. అయినా వచ్చినందుకు పని చేసి పోవాలి కదా, మేడంతా పొగ పెట్టారు. హాస్టలు తలగడల దూది పొగచూరింది. వీధిలోవాళ్లు బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. డాక్టరు భార్య కారు తీసి వీధి చివర పెట్టింది. సరిగ్గా అప్పుడే, ఆ పొగలోంచి, పిలిచినట్టు డ్రోను వచ్చింది. పెద్దవాడు తలెత్తి దాన్ని ఒక నిమిషం చూశాడు. తర్వాత పొగ డబ్బా మూత బిగించి, "ఇది మా సెక్షను కాదండీ" అన్నాడు.

పోతూ పోతూ ఒక కాగితం మీద నా వేలిముద్ర తీసుకున్నారు. వచ్చి వెళ్లినట్టు రుజువు అన్నారు. మాస్టారు బజారు నుంచి వచ్చాక నకలు చదివి చెప్పాడు. "తేనెటీగ నిర్మూలించబడినది" అని ఉందట. దాని కింద నా బొటనవేలు. చదవలేని మనిషి వేలు ఎంత పని చేస్తుందో నాకు ఇవాళ కొత్తగా తెలిసింది కాదులే.

తలగడ పంపమన్నాను కదా.

వేలిముద్ర వేసి పశ్చాత్తాపపడుతున్న
అక్క

(లేఖకుడి మనవి: నిఘంటువులో తప్పు లేదు.)


జూన్ 25

అక్కా,

నవ్వకు అన్నావు. నేను నవ్వీ నవ్వీ పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టేదాకా ఆగలేదు.

ఇప్పుడు విను. నిర్మూలించబడినది అని వేలిముద్ర పడ్డాక ఆ ఫైలు మూసేసినట్టే. దాన్ని కదపకు. కొత్త అర్జీ పెట్టు. మాస్టారూ, మీకు దండం పెడతాను, డ్రోన్ అని రాయండి. మీ నిఘంటువు వేసిన రోజుల్లో అది పుట్టలేదు.

మేడ మీద ఏం చేస్తావో మాత్రం చెప్పలేదు. నన్నే ఊహించమంటావా? సిగరెట్టు మొదలుపెట్టావా? డాక్టరు మానమన్న మిఠాయిలు నీళ్ల ట్యాంకు వెనక దాచావా? ఏదైనా నాకు చెప్పవచ్చు కదా. చిన్నప్పటి నుంచీ మన మధ్య దాపరికం ఉందా?

పోనీ నువ్వు చెప్పకపోయినా పని ఆగకూడదని, నేనే మీ ఆఫీసు వాళ్లకి ఒక ఉత్తరం రాశాను. మా అక్క పెద్ద వయసు మనిషి, ఉదయం పూట మేడ మీద వ్యక్తిగతమైన పనుల్లో ఉంటుంది, ఆ సమయంలో చిత్రీకరణ తగదు అని. గౌరవంగానే రాశాను. పాత ఉద్యోగిని కాబట్టి నా మాటకి విలువ ఇస్తారు.

తలగడ పంపను.

నీ చెల్లెలు


జులై 3

చెల్లికి,

విలువ ఇచ్చారు. బాగా ఇచ్చారు. నిన్న ప్లంబరు వచ్చాడు.

ఎందుకొచ్చావయ్యా అంటే, మీ స్నానాల గదిలో నీళ్లు రావట కదా, మేడ మీద పోసుకుంటున్నారట కదా, చూసి రమ్మన్నారు అన్నాడు. అంతకు ముందు రోజు స్టేషనులో హెడ్డు కూడా, మంచి మనిషి, కుర్చీ ఇచ్చి మరీ చెప్పాడు. పెద్దమ్మా, ఈ వయసులో చలిగాలిలో స్నానం మంచిది కాదు అని. నాకు ఏమీ అర్థం కాలేదు. ఆఫీసులో నీ ఉత్తరం చదివి వినిపించాక అర్థమైంది. వ్యక్తిగతమైన పనులు. నీకు వేరే మాట దొరకలేదా? మాస్టారి నిఘంటువు అరువు కావాలా?

వీధిలో అందరూ నన్ను చూసి తల దించుకుంటున్నారు. డాక్టరు భార్య సబ్బు ఇచ్చింది.

ఎవరు చెప్పారు నీకు రాయమని? నేను మేడ మీద ఏం చేస్తానో నలుగురికీ చెప్పాల్సి వస్తే, దాన్ని చూడొద్దని అర్జీ పెట్టడం ఎందుకు? ఆ డ్రోనుకి ఒక్కటే కన్ను. మీరంతా కలిసి నాకు వంద చెవులు తగిలిస్తున్నారు. ఆఫీసు గుమాస్తా అదే అడిగాడు, హెడ్డు అదే అడిగాడు, ప్లంబరు అదే అడిగాడు, నువ్వూ అదే.

మన మధ్య దాపరికం ఉందా అన్నావు. నేను నీకు పంపిన ప్రతి ఉత్తరమూ ఇంకొకరి చేతి మీదుగా వచ్చింది. నువ్వు రాసిన ప్రతిదీ ఇంకొకరి నోటి మీదుగా విన్నాను. మొదట మీ బావ, తర్వాత పోస్టుమాస్టరు భార్య, ఇప్పుడు మాస్టారు. అందరూ మంచివాళ్లే. కానీ ఇలాంటి ఉత్తరంలో అన్నీ పట్టవు. పట్టనివి పట్టనివే. ఇక అడగకు.

వేలిముద్ర వేసిన
అక్క

(లేఖకుడి మనవి: చివరి మాటలు నన్ను ఉద్దేశించి అన్నారో లేదో తెలియదు. ఉన్నది ఉన్నట్టు రాశాను. కామా కూడా పెట్టలేదు.)


జులై 9

అక్కా,

తప్పు నాదే. అడగను. నాకూ ఉత్తరంలో పట్టనివి ఉన్నాయి.

వాళ్ల ముందు నువ్వు ఒక్క మాట మీద నిలబడు. "నా మేడ బొమ్మలు నాకు చూపించండి, చూపించి నా కళ్ల ముందే చెరిపెయ్యండి." ఏం చేస్తున్నావని అడిగితే, అది చూసినవాళ్లే చెప్పాలి అను. ఇంకేం మాట్లాడకు. నీకు కష్టమే, తెలుసు.

నీ చెల్లెలు


జులై 18

చెల్లికి,

పని అయింది.

ఆఫీసులో సర్వే ఇంజనీరు అని ఒక అమ్మాయి ఉంది. నీ మాట అన్నాను. ఆ అమ్మాయి కంప్యూటరులో చాలాసేపు వెతికి, ఎర్రగా మారిన మొహంతో తలెత్తింది. ఆ డ్రోను వాళ్లదేనట. వాననీళ్లు మేడల మీది నుంచి ఎటు పోతున్నాయో చూడటానికి ఊరంతా కొలుస్తున్నారట. మా మేడ మీద దూది చూసి, పగిలిన చోట నీళ్లు కారకుండా మందు పోశారనుకుని, ప్రతిరోజూ మళ్ళీ మళ్ళీ వచ్చి చూశారట. నా అర్జీ మీద ముద్ర వేసే గదికీ, ఆ డ్రోనుని ఎగరేసే గదికీ మధ్య రెండు తలుపులు. నేను నెల రోజుల నుంచి ఆ రెండు తలుపుల మధ్య తిరుగుతున్నాను.

మాట్లాడకు అన్నావు గానీ, ఒక్కటి మాట్లాడాను. "అమ్మా, కొలతకి మనిషిని పంపితే తలుపు తడతాడు కదా. ఆకాశానికి తలుపు లేదని తట్టడం మానేస్తారా?"

ఆ అమ్మాయి కాగితం తీసి రాసుకుంది. ఇక నుంచి ఎగరేసే ముందు రోజు వీధి చివర బోర్డు మీద సమయం రాసి పెడతారు. పొద్దున ఎనిమిది లోపల ఎగరెయ్యరు. నా బొమ్మలు చూపిస్తాను లోపలికి రండి అంది. ఒక్కదాన్నే వెళ్లాను. మాస్టారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. లోపల ఏం చూశానో ఆయనకి చెప్పలేదు, ఇందులో రాయించను. చెరిపేసింది, నా కళ్లతో చూశాను.

నీ మీద కోపం పోయింది. సబ్బు మంచి వాసన వస్తోంది.

అక్క

(లేఖకుడి మనవి: ఇవాళ వేలిముద్రకి సిరా డబ్బా తెచ్చాను. అవసరం లేదన్నారు, కాగితం లాక్కున్నారు. పై సంతకం నాది కాదు. రెండో అక్షరం కింద వత్తు నేను చెప్తేనే పెట్టారు. ఇన్నాళ్లూ నా వేలిని ఎందుకు నడిపించారో ఇప్పుడు అర్థమవుతోంది. నేను ఏమీ అడగలేదు.)


జులై 28

చెలికి

ఇది నేనే రాసాను. మాస్టారు చూడలేదు. తొమిది రోజులు పటింది. జంట వతులు ఇంకా రావు. అవి వచేదాకా ఆగితే నేను ఉండను.

పొదున మేడ మీద ఇదే రాసేదాని. గుడ మీద గీసే సుదతో నేల మీద. రాసి తడి గుడతో తుడిచేదాని. ఆ డ్రోను దాని చూసింది. అందుకే అంత మండింది.

ఆఫీసులో బొమ చూపించారు. నా నెతి కనబడింది. పకన నేల మీద చెలికి అని ఉంది. నేనే చదివాను. మిగతా దాని మీద దూది పడి ఉంది. ఎవరూ చదవలేదు.

మాస్టారు పారేసిన కాగితాలు చూసి నేర్చుకునాను. ఎర సిరా పెటినవి తపులట. తెలీక అవే ముందు నేర్చుకునాను.

నీ లైబ్రరీ ఉతరం తపాలావాడు పోగొటలేదు. వచింది. నా చేతికే ఇచాడు. నువు పరీక్షకి ఊరు వెళావు. ఏదో కాగితం అనుకుని చుటి నూనె సీసాకి బిరడా పెటాను. నువు వచి అడిగితే రాలేదు అనాను. నిజంగా అలాగే అనుకునాను. రెండు నెలలకి మీ బావ తీసి చదివాడు. అపటికి తేదీ పోయింది. చెపలేక పోయాను. చింపలేక పోయాను. తలగడలో పెటి కుటాను. నీలం గీతలది. నీకే ఇచాను.

ఇది ఇంకొకరితో రాయించే మాట కాదు. అందుకే నేర్చుకునాను.

తిటాలంటే పెద అక్షరాలతో తిటు. నేనే చదువుతాను.

అక్క


ఆగస్టు 4

అక్కా,

పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. నిదానంగా చదువు. మాస్టారిని పిలవకు.

నాకు తెలుసు.

పన్నెండేళ్ల క్రితం తలగడ గడ్డ కట్టిందని విప్పాను. నూనె వాసన వచ్చింది. కాగితం తీసి చదివాను. ఆ రోజు నీ మీద చాలా కోపం వచ్చింది. అన్నం తినలేదు. సాయంత్రానికి సగం పోయింది. ఆ కాగితాన్ని చింపెయ్యకుండా తెచ్చి నా తల కిందే పెట్టావు కదా. మిగతా సగం ఎప్పుడు పోయిందో గుర్తు లేదు.

మళ్ళీ అందులోనే పెట్టి కుట్టేశాను. నా కుట్లు వంకర. నువ్వు చూడగానే పట్టేస్తావు. అందుకే తలగడ పంపలేదు.

నాకు తెలుసని నీకు రాయలేకపోయాను. రాస్తే నీకు వినిపించేది ఇంకొకరు. నువ్వు ఇంకొకరి ముందు తల దించుకోవడం నాకు ఇష్టం లేదు. తపాలావాళ్లని తిట్టడం ఆపితే నీకు అనుమానం వస్తుంది. అందుకని తిడుతూనే ఉన్నాను.

నీ ఉత్తరం మీద 'అందినది' అని రాసి తేదీ వేశాను. నా చేతి మీదుగా వెళ్లిన వేల కాగితాల్లో నాకని వచ్చింది ఇదొక్కటే.

చెల్లికి అని రాయబోయి చెలికి అని రాశావు. మిగతా వత్తులు నేర్చుకో. అది మాత్రం దిద్దుకోకు.

తలగడ పంపుతున్నాను. దూది మార్చు. కాగితం మాత్రం మళ్ళీ లోపలే పెట్టు. నాకు అలవాటైపోయింది.

నిన్న నీ ఉత్తరం తెచ్చిన తపాలావాడు గేటు దగ్గర ఆగి దగ్గాడు. లోపలికి పిలిచాను. కుర్చీ వేశాను. మంచినీళ్లు ఇచ్చాను. గ్లాసు చేత్తో పట్టుకుని నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఎందుకో అతనికి తెలియదు. చెప్పలేదు. మనిద్దరికీ తెలుసు.

నీ చెలి